జాలి చాలదు, చోటు కావాలి



మన తెలుగులో ఒకే మాటను రెండు చోట్ల వాడుకుంటాము. దేవాలయంలో కూడిన మనలను ‘విశ్వాసులు’ అని పిలుస్తారు. వాకిట్లో పడుకున్న కుక్కను చూపించి ‘విశ్వాసం గల జంతువు’ అంటారు. కనిపించని దేవుణ్ణి నమ్మి ఆయనను అంటిపెట్టుకొని ఉండటం మన విశ్వాసం. పిడికెడు అన్నం పెట్టిన చేతిని నమ్మి ఆ గుమ్మాన్ని విడవకుండా ఉండటం దాని విశ్వాసం. మరి నమ్మిన ఆ చెయ్యే ఒకనాడు దాన్ని వదులుకుంటే? కొన్ని నెలలుగా ఈ ప్రశ్న నన్ను నిలవనీయడం లేదు. అందుకు కారణం మా రామచంద్రపురంలో బడి ఆవరణలో పెరిగిన ఒక కుక్క. ‘ఇన్ని సంగతులుండగా ఫాదరుగారు కుక్క గురించి రాయడమేమిటి’ అని మీలో కొందరు అనుకోవచ్చు. దయచేసి చివరివరకు చదవండి. ఇది మన ఇళ్ళ సంగతి కూడా.

సంతకం చేసింది నేనే

దాని పేరు రాణి. పిల్లలు పెట్టిన పేరు. గోధుమరంగు ఒళ్ళు, నాలుగు కాళ్ళకూ మేజోళ్ళు తొడిగినట్టు తెలుపు. ఆరేళ్ళ క్రితం వానాకాలంలో దాని తల్లి లారీ కింద పడి చచ్చిపోతే, కళ్ళు తెరవని కూనను పిల్లలు అట్టపెట్టెలో పెట్టుకొని తెచ్చి సైకిళ్ళ షెడ్డులో దాచారు. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, ఎవరో ఒకరి గుడ్డులో సగం దాని వాటా. ఉదయం ప్రార్థన గంట కొట్టగానే వచ్చి వరుస చివర కూర్చునేది. ఎవరినీ కరిచింది లేదు.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాలలో తిరిగే వీధి కుక్కలను పట్టుకొని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి, సంరక్షణశాలల్లో ఉంచాలని, తిరిగి అదే చోట వదలకూడదని దాని సారాంశం. అంతకుముందు అదే సంవత్సరం ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, ఆపరేషనూ టీకా అయిన కుక్కలను పట్టిన చోటనే వదలాలని, రేబిస్ సోకినవాటిని, మనుషుల మీదికి దూకేవాటిని మాత్రం వదలకూడదని కోర్టు చెప్పింది. నవంబరు ఉత్తర్వుతో బడుల వంటి చోట్లకు ఆ వెసులుబాటు లేకుండా పోయింది.

దానిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు వీధి కుక్కల దాడిలో ప్రాణాలు విడిచాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా ఇంచుమించు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. అందులో మూడోవంతు మరణాలు మన దేశంలోనే. చనిపోయేవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలు. కారు అద్దాలు ఎత్తుకొని తిరిగేవారికి వీధి కుక్క భయం అంతగా తెలియదు. తెల్లవారుజామున నడిచి పనికి పోయే కూలివానికీ, వీధిలో ఆడుకునే పేద బిడ్డకూ తెలుస్తుంది. ఆ బిడ్డల తల్లిదండ్రుల ముందు నిలబడి ‘కుక్కల మీద జాలి చూపండి’ అని ఊరికే అనగలమా?

కనుక మా బడి కమిటీ కూర్చున్నది. రాణిని పంపించివేయాలని నిర్ణయించింది. ఉత్తరం మీద సంతకం చేసింది నేనే. బండి వచ్చిన రోజున వల వేయవలసిన పని లేకపోయింది. నేను పేరు పెట్టి పిలిచాను, వచ్చింది. నా చేతులతోనే బండి ఎక్కించాను. బండి గేటు దాటేవరకు అది నా వంకే చూస్తున్నది. ఆ రాత్రి జపమాల చెప్పుకుంటుంటే లెక్క తప్పింది.

గోడవైపు తిరిగిన కుక్క

మూడు వారాల తరువాత ఒక సమాధి కార్యక్రమానికి అటు వెళుతూ, రాణిని ఉంచిన సంరక్షణశాల దగ్గర ఆగాను. ఆ శాలను నడిపేవారు మంచివారు. గదులు కడుగుతున్నారు, వేళకు తిండి పెడుతున్నారు, రోగం వస్తే మందు వేస్తున్నారు. తప్పుపట్టవలసినది ఏమీ లేదు. కాని ఇనప గదుల వరుసలో ఒక కుక్క మొరిగితే అన్నీ మొరుగుతాయి. రేకుల కప్పు కింద ఆ మోత ధాన్యం మిల్లులో మోతలాగా చెవులు దిమ్మెక్కిస్తుంది. మనకే అలా ఉంటే, మనకంటే ఎన్నో రెట్లు పదునైన చెవులున్న జీవానికి ఎలా ఉంటుంది?

రాణి గోడవైపు తిరిగి పడుకొని ఉన్నది. పేరు పెట్టి పిలిచాను. చెవి కదిలింది, తల తిరగలేదు. ముందుకాళ్ళు నాకి నాకి పుండు చేసుకున్నది. పళ్ళెంలో అన్నం ఉదయం పెట్టినది పెట్టినట్టే ఉన్నది. అక్కడ పనిచేసే కుర్రవాడు అన్నాడు: “వచ్చిన కాణ్ణించీ ఇంతేనండి, ఫాదర్ గారండీ. రాత్రిపూట మాత్రం నాలుగు మెతుకులు తింటదండి. కుక్కని పెంచుకుంటామని వచ్చేవోళ్ళు లేకపోలేదండి. ఆళ్ళకి తోక ఊపుకుంటా ఎదురొచ్చే కుక్క కావాలండి. గోడకేసి చూసే కుక్కని ఎవరడుగుతారండి?”

ఆ కుర్రవాడు చదువుకున్నది తక్కువ. కాని అతడు చెప్పిన మాటలో ఒక పెద్ద సత్యమున్నది. ఇల్లు ఎవరికి ఎక్కువ అవసరమో వారే ఇల్లు దొరకని తీరులో కనిపిస్తారు. భయపడ్డ కుక్క గుర్రుమంటుంది, లేదా ముడుచుకుపోతుంది. చూసేవారు ‘ఇది మంచి కుక్క కాదు’ అని ముందుకు సాగిపోతారు. వారు సాగిపోయిన కొద్దీ దాని భయం పెరుగుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించినవారు చెప్పేది ఏమంటే, సంరక్షణశాలకు కొత్తగా వచ్చిన కుక్క ఒంట్లో భయానికీ ఒత్తిడికీ గుర్తైన రసాయనం మొదటి మూడు రోజులు బాగా హెచ్చుగా ఉంటుంది. కొన్ని తేరుకుంటాయి. కొన్ని తేరుకోవు, గదిలో గుండ్రంగా తిరుగుతాయి, తిండి మానేస్తాయి, ఒళ్ళు నాక్కుంటాయి. రోజూ ఒక మనిషి కొంతసేపు నెమ్మదిగా పక్కన కూర్చుంటే, మెల్లగా నిమిరితే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న రోజుల్లో మాకు అరిస్టాటిల్ చెప్పిన మూడు రకాల ఆత్మల గురించి బోధించారు. చెట్టుకు పెరిగే ప్రాణం, జంతువుకు బాధనూ సుఖాన్నీ ఎరిగే ప్రాణం, మనిషికి వివేకం గల ఆత్మ. తరువాత పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు డేకార్ట్ జంతువులను గడియారం వంటి యంత్రాలతో పోల్చాడు. పరీక్షలో ఈ రెండు మతాలకూ తేడా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ఇనప గది ముందు నిలబడినప్పుడు మాత్రం, గడియారం ఎక్కడైనా తన కాళ్ళు తాను కొరుక్కుంటుందా అనిపించింది. మరణం లేని ఆత్మ దానికి లేదు. మన తిరుసభ బోధ అది. కాని బాధ ఉన్నది. బాధ ఉన్నచోట మనకు బాధ్యత ఉన్నది.

ముప్పైమంది జాలిపడ్డారు

మరుసటి ఆదివారం దివ్యబలి పూజ ముగిసిన తరువాత ప్రకటనలలో రాణి సంగతి చెప్పాను. ఆగస్టు 22 ఉత్తర్వులోనే, కావాలనుకున్నవారు వీధి కుక్కను దత్తత తీసుకోవచ్చునని, తీసుకున్నాక అది మళ్ళీ వీధిపాలు కాకుండా చూసే బాధ్యత వారిదేనని కోర్టు చెప్పింది. 2025 ఆగస్టు 17న హైదరాబాదు బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నగరపాలక సంస్థ వీధి కుక్కపిల్లల దత్తత మేళా కూడా పెట్టింది. 1992లో అక్కినేని అమల గారు మొదలుపెట్టిన హైదరాబాదు బ్లూక్రాస్ సంస్థ, 1996 నుంచి విశాఖపట్నంలో పనిచేస్తున్న జీవరక్షణ సంఘం ఇలా ఎన్నో మూగజీవాలకు ఆశ్రయం ఇచ్చి, ఇళ్ళు వెతికిపెడుతున్నాయి. ఇవన్నీ చెప్పి, ‘మనలో ఎవరైనా ముందుకు వస్తారా’ అని అడిగాను.

పూజ తరువాత ముప్పైమంది దాకా నా చుట్టూ మూగారు. అందరూ జాలిపడ్డవారే. ఒక తల్లి కన్నీళ్ళు పెట్టుకున్నది. ఒకాయన దాని తిండికని 500 రూపాయలు నా చేతిలో పెట్టాడు. పిల్లలు బిస్కెట్ పొట్లాలు తెచ్చారు. ‘మా ఇంటికి తీసుకువెళ్తాము’ అన్నవారు ఒక్కరూ లేరు. అద్దె ఇల్లని ఒకరు, కొత్త టైల్సు వేయించామని ఒకరు, కోడలికి కుక్కలంటే గిట్టదని ఒకరు. అన్నీ నిజమైన కారణాలే. నా కారణమూ నిజమైనదే. మా గురునివాసం బడి ప్రహరీలోనే ఉన్నది. చట్టం దాటి దాన్ని తిరిగి తెచ్చుకోలేను. కాని ఆ కారణం దొరికినందుకు నా మనసు లోలోపల ఊరట చెందిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

బేత్లెహేము సత్రంలో ఉన్నవారు క్రూరులని సువార్తలో ఎక్కడా లేదు. నిండు గర్భిణిని చూసి వారిలో కొందరైనా ‘అయ్యో’ అని ఉంటారు. లూకా సువార్తికుడు రాసింది ఒక్కటే, అక్కడ చోటు లేదని. జాలికీ చోటుకీ మధ్య ఉన్న దూరమే సత్రానికీ పశువుల తొట్టికీ మధ్య ఉన్న దూరం. ఆనాడు ప్రభువుకు చోటిచ్చింది పశువులు మేసే తొట్టి అని మరచిపోవద్దు.

చోటు లేకపోవడం ఎలా ఉంటుందో గోదావరి లంకల్లో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదల్లో నేను కుర్రవాణ్ణి. మా లంక నుంచి పడవల మీద జనాన్ని తరలించారు. ముందు ముసలివారు, బాలింతలు, పిల్లలు. పడవ అంచు వరకు నిండిపోయింది. మా పొరుగింటి కుక్క గట్టు మీద నిలబడి చూస్తున్నది. ఎవరూ తప్పు చేయలేదు; మనుషుల తరువాతే ఏదైనా. కాని నీరు తీసి తిరిగి వచ్చాక ఆ ఇంటి యజమాని చేసిన మొదటి పని ఆ కుక్కను వెతకడం. రెండు రోజులు వెతికి, కొబ్బరితోటలో దొరికితే భుజాన వేసుకొని తెచ్చాడు. పడవలో చోటు లేకపోవడం వేరు, మనసులో చోటు లేకపోవడం వేరు. నోవా ఓడ కథలో దేవుడు నోవాను మాత్రమే గాక అతనితో ఓడలో ఉన్న జంతువులన్నింటినీ జ్ఞాపకం చేసుకున్నాడని ఆదికాండం ఎనిమిదవ అధ్యాయం తెలుపుతున్నది. జ్ఞాపకం ఉంచుకోవడం దేవుని గుణం.

మనుషుల సంగతేమిటి?

మా విచారణలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు నన్ను సూటిగా అడిగారు: “ఫాదరుగారూ, కన్నతల్లులు వృద్ధాశ్రమాల్లో ఉంటున్నారు. మీరు కుక్కకు ఇల్లు వెతుకుతున్నారు. ఇదేం సువార్తండీ?”

మంచి ప్రశ్న. తిరుసభ కూడా దీనిని పక్కకు నెట్టలేదు. 1992లో వెలువడిన కతోలిక తిరుసభ సత్యోపదేశం 2415 నుంచి 2418 వరకు గల భాగాలలో దీనికి సమాధానం ఉన్నది. జంతువులు దేవుని సృష్టి, వాటిపట్ల దయ మన విధి. అకారణంగా వాటిని బాధపెట్టడం మానవ గౌరవానికి తగని పని. అలాగే మనుషుల దైన్యం తీర్చడానికి ముందుగా వాడవలసిన ధనాన్ని వాటి మీద కుమ్మరించడమూ తగదు. మనుషులకు చెందవలసిన మమతను వాటికి మళ్ళించకూడదు. రెండు వైపులా గట్టు కట్టిన కాలువ వంటిది ఈ బోధ.

2022 జనవరి 5న ఫ్రాన్సిస్ పోపుగారు పునీత జోజప్పగారి గురించి ప్రసంగిస్తూ, బిడ్డలను వద్దనుకొని ఆ స్థానంలో కుక్కలను పిల్లులను పెంచుకునే దంపతులను మందలించారు. చాలామంది అంతవరకే చెప్పుకున్నారు. ఆ ప్రసంగంలో ఆయన, తన రక్తం కాని బిడ్డకు తండ్రిగా నిలిచిన జోజప్పగారిని చూపించి, దిక్కులేని పిల్లలను దత్తత తీసుకొమ్మని కూడా కోరారు. అదే పోపుగారు 2015లో రాసిన ‘లౌదాతో సీ’ లేఖలో, మూగజీవాల పట్ల మన నిర్దయ ఏదో ఒకనాడు తోటి మనుషులను చూసే తీరులోకి పాకుతుందని హెచ్చరించారు. పదమూడవ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసుగారు ఇటువంటి మాట చెప్పి ఉన్నారు: జంతువు మీద క్రూరత్వం అలవాటైన చెయ్యి మనిషి మీదికీ లేస్తుంది.

కనుక ఆ ఉపాధ్యాయులకు నా సమాధానం ఇది. తల్లిని వృద్ధాశ్రమంలో దింపి వచ్చి కుక్కకు మెత్త పరిచేవాడు వంచకుడు. కాని కుక్కను గెంటివేసినంత మాత్రాన తల్లిని తెచ్చుకున్నట్టు కాదు. ఒక గుండెలో దయ కుక్కకు ఖర్చయిపోతే మనిషికి మిగలదనుకోవడం పొరపాటు. ఈ సంగతి నాకు పుస్తకాలకంటే బాగా ఒక మామ్మగారు నేర్పారు.

పక్కన కూర్చున్నానంతే

ఆమె మా బడిలో చదివే పదేళ్ళ కుర్రవాడి అమ్మమ్మ. కాలువగట్టు పక్కన పెంకుటిల్లు, చిన్న దొడ్డి. కుర్రవాడి తల్లి రెండేళ్ళుగా కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఉన్నది. మన జిల్లాల్లో ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ప్రకటన చేసిన పది రోజుల తరువాత ఆమె మనవడి చెయ్యి పట్టుకొని వచ్చి, “ఆ కుక్కని మేం తెచ్చుకుంటామండి” అన్నది.

నాకు సంతోషం కంటే భయం ఎక్కువ కలిగింది. “మామ్మగారూ, అది మామూలుగా లేదు. పలకరిస్తే పలకదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. మీకెందుకు ఈ శ్రమ?” అన్నాను.

“ఆయ్, తెలుసండి. ఈడి అమ్మ వెళ్ళాక ఈడూ నెల్లాళ్ళు అలాగే గోడకేసి తిరిగి పడుకున్నాడండి. బువ్వ తినేవోడు కాదు. అందరూ ఏదేదో చెప్పారండి. నేనేటీ చెయ్యలేదండి ఫాదర్ గారండీ. పక్కన కూర్చున్నానంతే. ఓ రోజు ఈడే ఇటు తిరిగాడండి.”

ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న ప్రసంగాలన్నీ ఆ మాట ముందు చిన్నవైపోయాయి.

శాలవారు వెంటనే పంపలేదు. ముందు కుక్క మిమ్మల్ని ఎరగాలి అన్నారు. మూడు ఆదివారాలు పూజ కాగానే అమ్మమ్మ, మనవడు బస్సెక్కి వెళ్ళారు. శాలలోని కుర్రవాడు చెప్పినట్టు, తేరిపార చూడకుండా, చెయ్యి చాచకుండా, పక్కకు తిరిగి నేల మీద కూర్చున్నారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఒక జీవకారుణ్య సంఘం పిల్లలచేత ఇలాంటి బెదురు కుక్కల ముందు కథలు చదివిస్తుంది. నెమ్మదైన గొంతు వింటూ ఉంటే వాటి భయం తగ్గుతుందట. ఇది నేను చెబితే, మన కుర్రవాడు తన తెలుగు వాచకం పట్టుకుపోయాడు. మొదటి ఆదివారం రాణి కదలలేదు. రెండవ ఆదివారం గోడ నుంచి ఇటు తిరిగింది. మూడవ ఆదివారం దగ్గరకు వచ్చి వాడి మోకాలి మీద గడ్డం ఆనించింది. ఆ రోజు పెరుగన్నం తిన్నదట.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందని చెప్పను. ఇంటికి తెచ్చిన మూడు రోజులూ అది మంచం కిందనుంచి బయటికి రాలేదు. ఒక పెళ్ళి ఊరేగింపులో బాణాసంచా కాలిస్తే బెదిరిపోయి దొడ్డి దూకి పారిపోయింది; అర్ధరాత్రి వరకు వెతికారు. పొరుగింటివారి మీద గుర్రుమంటే మాటా మాటా పెరిగింది. మామ్మగారు వెళ్ళి నచ్చజెప్పి, దొడ్డికి తడిక ఎత్తు చేయించారు. ఇన్ని నెలలైనా, ఇప్పటికీ ఇనప గడియ చప్పుడైతే మంచం కిందకు దూరుతుంది. నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. న్యాయమే. పిలిచి బండి ఎక్కించింది నేనే కదా. చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. లేచి వస్తుంటే గుమ్మం వరకు వచ్చి నిలబడింది. అంతవరకే.

వాక్యం ఏమి చెబుతున్నది?

లూకా సువార్త పదహారవ అధ్యాయంలో ధనవంతుని వాకిట పడి ఉన్న లాజరు కథ మీకు తెలుసు. ఆ ఇంటి బల్లపై అన్నీ ఉన్నాయి, వాకిట ఉన్నవానికి మాత్రం చోటు లేదు. అతని పుండ్ల దగ్గరకు వచ్చినవి కుక్కలు మాత్రమే. ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు. దాటిపోయాడు, అంతే. తోబీతు గ్రంథంలో తోబియా దూరప్రయాణానికి బయలుదేరినప్పుడు అతని కుక్క కూడా వెంట నడిచింది. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడూ వెంటనే ఉన్నది. ఒకవైపు దేవదూత రఫాయేలు, మరొకవైపు కుక్క! నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం పన్నెండవ అధ్యాయం చెబుతున్నది. విశ్రాంతి దినాన ఎద్దుకూ గాడిదకూ కూడా విశ్రాంతి ఇమ్మని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించాడు.

ఆగస్టు 16న మనం పండుగ చేసే పునీత రోక్‌గారు ప్లేగు రోగులకు సేవచేసి, తానే ఆ రోగంతో అడవిలో పడి ఉన్నప్పుడు ఒక కుక్క రోజూ రొట్టె తెచ్చి ఇచ్చిందని తిరుసభ సంప్రదాయం. దాని యజమాని ఒకనాడు వెంబడించి వచ్చి, ఆ పునీతుని తన ఇంటికి తీసుకువెళ్ళాడు. అంటే ఒక దిక్కులేని మనిషికి ఇల్లు చూపించింది కుక్క. ఇక మన తెలుగువారందరూ ఎరిగిన భారత కథలో ధర్మరాజు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. నమ్మినదాన్ని విడవరాదన్న ఎరుక ఈ నేలకు కొత్తది కాదు.

చోటివ్వదలచినవారికి నాలుగు మాటలు

ఈ వ్యాసం చదివి ఎవరైనా శాలకు వెళ్ళదలిస్తే, దయచేసి ఆవేశంతో వెళ్ళవద్దు. ముందు ఇంటిల్లిపాది ఒక్కమాట మీద ఉండాలి. అన్నం పెట్టవలసింది ఎవరో వారి సమ్మతి మరీ ముఖ్యం. ఒకసారి చూసి తెచ్చుకోకుండా రెండు మూడుసార్లు వెళ్ళండి. ఆపరేషన్ అయిందా, రేబిస్ టీకా ఎప్పుడు వేశారు, కార్డు ఉన్నదా అని అడగండి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు.

శాలల వారు చెప్పే లెక్క ఒకటుంది: భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. బెదిరిన కుక్కకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. పండుగలకు, పెళ్ళిళ్ళకు, బాణాసంచా రోజులకు దగ్గరలో తేవద్దు. ఒక మూల నెమ్మదైన చోటు చూపించండి. బయటికి లాగవద్దు, కొట్టవద్దు, రోజంతా గొలుసుతో కట్టవద్దు. చిన్నపిల్లలను దానితో ఒంటరిగా విడవవద్దు. వండిన కోడి ఎముకలు, ఉల్లిపాయ, చాక్లెట్ పెట్టవద్దు. ఏటా రేబిస్ టీకా వేయించండి.

ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి అద్దవద్దు. ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే రోజులు పోయాయి. ఇప్పటి సూదులు చేతికే వేస్తారు. డాక్టరు చెప్పినన్నీ పూర్తిచేయాలి. రేబిస్ ముదిరితే మందు లేదు. దయ పేరుతో అజాగ్రత్త కూడదు.

తెచ్చుకోలేనివారు సిగ్గుపడనక్కరలేదు. నెలకొకసారి వెళ్ళి ఒక గంట ఆ గదుల ముందు నెమ్మదిగా కూర్చోవచ్చు. అదీ చోటివ్వడమే.

గోడవైపు తిరిగినవారు

ప్రియ విశ్వాసులారా, చివరగా ఒక్క మాట. మన ఇళ్ళలోనూ గోడవైపు తిరిగి పడుకున్నవారు ఉన్నారు. పరీక్ష తప్పిన కొడుకు, భర్త పోయిన చెల్లెలు, మాట పడిపోయిన తండ్రి, తల్లి గల్ఫులో ఉన్న బిడ్డ. వారు మనతో సరిగా మాట్లాడరు, కసురుకుంటారు, అన్నం ముట్టరు. ‘వీరితో వేగలేము’ అని మనం దాటిపోతాము. శాలకు వచ్చినవారు రాణిని దాటిపోయినట్టే. ప్రేమకు ఎక్కువగా నోచుకోవలసినవారు ప్రేమించడానికి కష్టమైన రూపంలో ఎదురవుతారు. వారికి మన సలహాలు అక్కరలేదు. పక్కన కాసేపు కూర్చోవాలి, ఇటు తిరిగేవరకు. మనం పాపంలో గోడవైపు తిరిగి ఉన్నప్పుడు ప్రభువు మన పక్కన చేస్తున్నది అదే కదా!

ఓ ప్రభువా, పుట్టడానికి చోటు దొరకని నీవు, చోటు లేనివారి బాధ ఎరిగినవాడవు. మా జాలి మాటలతో ఆగిపోకుండా, మా గుమ్మం తెరిచే ధైర్యాన్ని మాకు దయచేయుము. మా చేతిని నమ్మిన ఏ ప్రాణినీ మేము మరచిపోకుందుము గాక. ఆమెన్.